గోదాములో మిర్చి సేటు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి. భయంతో కాదు, విసుగుతో. మాది చర్చికి పోయే కుటుంబం. చీకట్లో ఏదో కనబడిందని చెప్పేవాళ్ళను చూస్తే పాపం నిద్ర చాల్లేదేమో అనుకునేవాణ్ణి. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని నేను అనడం లేదు. నాకు జరిగింది దయ్యం పనో కాదో నాకే తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

నేను వరంగల్‌లో మార్కెట్ యార్డుకు దగ్గరగా ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌ని. ఇంకా అక్కడే పని చేస్తున్నాను కాబట్టి పేరు చెప్పను. మాది మిర్చి దాచే చోటు. ధర లేనప్పుడు రైతులు, వ్యాపారులు బస్తాలు తెచ్చి మా దగ్గర పెడతారు. ధర లేచినప్పుడు తీసి అమ్ముకుంటారు. పెద్ద పెద్ద గదులు, ఒక్క కిటికీ ఉండదు. గోడల నిండా, తలుపు నిండా థర్మోకోల్ కూరి ఉంటుంది. లోపల ఎండాకాలమైనా వానాకాలమైనా ఒకటే చలి. దానికి తోడు మిర్చి ఘాటు. కొత్తవాళ్ళు లోపలికి రాగానే తుమ్ముతారు, మాకు అలవాటైపోయింది.

పగలంతా ఊళ్ళోవాళ్ళ సరుకుకు కాపలా కాసేవాణ్ణి. ఇంటికొచ్చాక నా సరుకుకు కాపలా. అది ఫోన్లో.

దాని గురించి కొంచెం చెప్పాలి. అదొక ఆన్‌లైన్ గేము. ఊళ్ళు, అడవులు, గనులు, మధ్యలో ఒక పెద్ద సంత. వేలమంది ఆడుతుంటారు. కొందరు కత్తులు పట్టుకుని రాక్షసుల మీదికి పోతారు. నాకు ఆ గోల పట్టదు. నేను వ్యాపారిని. ఆ గేములో ఏ వస్తువుకూ కంపెనీ ధర కట్టదు, ఆడేవాళ్ళే కడతారు. ఇనుము ఎక్కువమంది తవ్వితే ఇనుము ధర పడిపోతుంది. యుద్ధం వస్తుందని పుకారు లేస్తే మందు మూలికలు కొండెక్కుతాయి. ధర పడ్డప్పుడు కొని, నా గోదాములో పెట్టి, లేచేదాకా ఆగడం నా పద్ధతి. పగలు సేట్లు చేసేది చూసి నేర్చుకున్నదే.

గేములో నా మనిషికి పెట్టుకున్న పేరు మిర్చి సేటు. గొంగడి కప్పుకుని, మీసాలతో, కొంచెం బొర్రతో ఉంటాడు. నాలాగే ఉన్నాడని మా ఆవిడ సునీత అనేది. నష్టానికి ఒక్క వస్తువు కూడా అమ్మడని సంతలో పేరు పడిపోయింది. కొంతమంది తిట్టేవాళ్ళు కూడా. నాకు లోపల్లోపల గర్వంగానే ఉండేది.

సునీతకు మాత్రం ఒళ్ళు మండేది. "గింత సరుకు దాస్తానవ్ కదా, అండ్లకెళ్ళి ఒక్క ఉల్లిగడ్డన్న ఇంటికస్తదా?" అనేది.

ఈ గేములో ఇంకో సంగతి ఉంది, అది తెలిస్తేనే తర్వాతది అర్థమవుతుంది. గోదాములోని సరుకు కూర్చున్న చోటినుంచి అమ్మడం కుదరదు. మన మనిషి గోదాము దాకా నడవాలి, మోయగలిగినంత ఎత్తుకోవాలి, సంత దాకా నడిచి వెళ్ళి పరచాలి. బరువెక్కువైతే వాడు నడుం వంచి మెల్లగా నడుస్తాడు. ఎవరి గోదాము తలుపు వాళ్ళే తీయగలరు, అదీ బయట నిలబడి. లోపలికి వెళ్ళేదేం ఉండదు. తలుపు ముట్టుకుంటే సరుకు బొమ్మలన్నీ తెర మీద వరుసగా వస్తాయి. అంటే గోదాముకు లోపల అంటూ ఒకటి లేదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఆ గేములో నాకు జోడీ సంపత్. మేమిద్దరం ఒకే బడిలో చదువుకున్నాం. వాడికి నర్సంపేటలో సెల్‌ఫోన్లు బాగు చేసే షాపుంది.

ఇక ఆ రోజు సంగతి. మేడారం జాతరని యార్డుకు సెలవులు ఇచ్చారు. మా దగ్గర కూడా ఆ పూట మధ్యాహ్నానికి పని ఆపేసి, మళ్ళీ జాతర అయ్యాకే తెరవాలి. హమాలీలందరూ తొందరలో ఉన్నారు. సమ్మక్కకు మొక్కుగా ఇచ్చే బెల్లం ఇళ్ళల్లో సిద్ధంగా ఉంది, వ్యాన్లు మాట్లాడుకున్నారు. మేము జాతరకు పోము కాబట్టి, ఆ సెలవులకు నేనూ సునీతా కేసముద్రంలో వాళ్ళ అమ్మగారింటికి పోదామనుకున్నాం. సాయంత్రం రైలుకు. అందరికీ ఆ సంగతి చెప్పి కూడా ఉన్నాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చలి గదుల ముందు వరండాలో గోడకు మేకులు కొట్టి, వాటికి దళసరి కోట్లు తగిలించి ఉంటాయి. లోపలికి పోయేవాడు ఒకటి తొడుక్కుని పోవాలి, వచ్చాక అదే మేకుకు తగిలించాలి. తలుపు మూసేముందు మేస్త్రీ మేకుల వంక చూస్తాడు. కోట్లన్నీ ఉంటే లోపల ఎవరూ లేనట్టు. ఫ్యాన్ల మోతలో కేక వేసినా వినబడదు కాబట్టి ఈ పద్ధతి పెట్టుకున్నారు. ఇన్నేళ్ళలో ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

నాకు ఆ కోట్లంటే అసహ్యం. పదిమంది చెమట, మిర్చి దుమ్ము. రెండు నిమిషాల పనైతే చొక్కాతోనే దూరి వచ్చేసేవాణ్ణి. ఆ రోజు కూడా అంతే. నర్సంపేట వైపు రైతు ఒకాయన తన బస్తాల్లోంచి మచ్చు కావాలని పొద్దున ఫోన్ చేశాడు. గుప్పెడు కాయలు తీసి పక్కన పెడదామని, సంత ధరలు చూస్తున్న గేము మూయకుండానే ఫోను ఆఫీసు బల్ల మీద చార్జింగులో పెట్టి, నేను లోపలికి వెళ్ళాను. ఆ బస్తాలు గది చివర, పై అంతస్తు చెక్కల మీద ఉన్నాయి. నిచ్చెన ఎక్కి వెతుకుతున్నాను. అంతలో లైట్లు ఆరిపోయాయి.

స్విచ్చులు బయట ఉంటాయి. మొదట నవ్వొచ్చింది. ఐలయ్య మా మేస్త్రీ, మంచి మనిషి. జాతర ధ్యాసలో ఉన్నాడు, ఇప్పుడే తీస్తాడులే అనుకున్నాను. తడుముకుంటూ దిగి, బస్తాల సందులోంచి తలుపు దాకా వచ్చాను. తోశాను. కదల్లేదు. లోపలినుంచి తీసే కడ్డీ ఒకటుండాలి, అది ఎప్పుడో విరిగిపోయింది. పక్కన గంట బటన్ ఉంది. దాని వైరు ఎలుకలు కొరికేశాయి. బాగు చేయించాలని సీజన్ మొదట్లోనే అనుకున్నాం.

గుద్దాను. అరిచాను. చెప్పు తీసి కొట్టాను. థర్మోకోల్ ఆ చప్పుడంతా మింగేసింది. వెనక షెడ్డులో మిషన్ ఆపరేటర్ ఉంటాడు, కంప్రెషర్ మోతలో వాడికి ఏదీ వినబడదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. నేను ఆటోలో వచ్చే మనిషిని, నా బండి కూడా అక్కడ లేదు. నేను ఇంటికి పోయాననే అనుకుంటారు. ఇక తలుపు తెరిచేది జాతర అయ్యాకే. ఈ లెక్కంతా నా బుర్రలో ఒక్కసారే కూడింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

చీకటంటే మామూలు చీకటి కాదు. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. ఫ్యాన్లు ఆగి ఆగి తిరుగుతాయి. తిరిగినప్పుడు గాలి చొక్కాలోంచి ఎముకల్లోకి పోతుంది. సునీత సంచులు సర్దుకుని గుమ్మంలో కూర్చుని ఉంటుందని గుర్తొచ్చి ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. ప్రార్థన చేశాను, మధ్యలో మాటలు మరిచిపోయాను.

ఒళ్ళు వేడి చేసుకోవాలని తోచింది. చేతికందిన బస్తాలు లాగడం మొదలుపెట్టాను. ఫ్యాను గాలికి అడ్డంగా పేర్చుకుందామని. మిర్చి బస్తా ఒక్కడే లాగడం తేలిక కాదు, అదీ చీకట్లో. కొన్ని లాగాను. వేళ్ళు పట్టు తప్పుతున్నాయి. ఇక చేతకాక ఒక మూల కూలబడ్డాను. వణుకు ఆగలేదు. కాసేపటికి వణుకు కూడా తగ్గింది, అది మంచిది కాదని తర్వాత దవాఖానలో చెప్పారు.

అప్పుడు చప్పుడు వినబడింది. చెక్కల మీద బస్తా ఈడుస్తున్న చప్పుడు. తర్వాత అడుగులు, బరువు మోసేవాడి అడుగులు. దబ్బుమని బస్తా దించిన చప్పుడు. మళ్ళీ అడుగులు వెనక్కి. మళ్ళీ ఈడవడం.

హమాలీలు వచ్చారనుకున్నాను. "ఐలన్నా" అని పిలిచాను. నా గొంతు నాకే సరిగ్గా వినబడలేదు. లైటు వెలగలేదు. చీకట్లో పని చేసేవాడెవడు? అయినా ఆ చప్పుడు ఆగలేదు. ఒకే మనిషి, తొందర లేకుండా, మోస్తూనే ఉన్నాడు. చెబితే నవ్వుతారేమో, ఆ చప్పుడు వింటుంటే నాకు భయం తగ్గింది. లోపల నేనొక్కణ్ణే లేను అనిపించింది. అలాగే కళ్ళు మూతలు పడ్డాయి.

తర్వాత నాకు గుర్తున్నది వెలుతురు, సునీత ముఖం, నా చెంపల మీద ఆమె చేతులు. ఐలయ్య తల బాదుకుంటున్నాడు. "కోట్లన్ని ఉన్నయ్ సారూ, సమ్మక్క తోడు, కోట్లన్ని ఉన్నయ్" అని అదే మాట పదేపదే అంటున్నాడు. నన్ను ఎత్తి బయటికి తెచ్చేసరికి ఇంకా పొద్దు పూర్తిగా వాలలేదు. యుగం గడిచిందనుకున్నాను, ఒక్క మధ్యాహ్నమే.

దవాఖానలో కొంచెం తేరుకున్నాక, మీకెలా తెలిసిందని సునీతను అడిగాను. సంపతన్న ఫోన్ చేసిండని చెప్పింది. వాడికెలా తెలిసింది? మర్నాడు వాడే వచ్చి మంచం పక్కన కూర్చుని చెప్పాడు. వాడు చెప్పింది నా మాటల్లో రాస్తున్నాను.

జాతర బస్సులన్నీ వాళ్ళ షాపు ముందునుంచే పోతుంటాయి, బేరాలు మాత్రం లేవు. మధ్యాహ్నం అన్నం తిని గేము తెరిచాడు. సంతలో గోలగోలగా ఉంది. మిర్చి సేటు సరుకంతా ఒక్క నాణేనికి పెట్టాడని జనం ఎగబడుతున్నారు. నల్ల ఇనుము, అడవి తేనె, మూలికలు, నేను రెండేళ్ళుగా ఎవరడిగినా అమ్మని పులితోళ్ళు, అన్నీ ఒక్కొక్క నాణెం. సంపత్ మొదట నా ఐడీ ఎవడో కొట్టేశాడనుకున్నాడు. అనుకుంటూనే రెండు పులితోళ్ళు కొన్నాడు. ఆ సంగతి వాడే ఒప్పుకున్నాడు.

తర్వాత గోదాముల వీధికి వెళ్ళాడు. మిర్చి సేటు కనబడ్డాడు. నడుం వంచి, మోయలేనంత ఎత్తుకుని, మెల్లగా సంత వైపు నడుస్తున్నాడు. దించుతున్నాడు, వెనక్కి పోతున్నాడు, మళ్ళీ ఎత్తుకుంటున్నాడు. "ఏమైందిరా, ఏం చేస్తానవ్?" అని రాశాడు. మిర్చి సేటు మోస్తూనే ఉన్నాడు. దొంగైతే సరుకు ఒక్కసారిగా వేరే ఐడీకి పంపేసి పోతాడు, ఇలా కూలివాడిలా మోయడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. మిర్చి సేటు ఆగాడు. కాసేపు అలాగే నిలబడి, పక్కనుంచి తప్పుకుని పోయాడు.

గోదాము ఖాళీ అయ్యాక మిర్చి సేటు సంత మధ్యలో నిలబడి, ఒంటి మీది గొంగడి విప్పి అది కూడా ఒక్క నాణేనికి పెట్టాడు. "అప్పుడు నాకు గుండె ఝల్లుమన్నదిరా" అన్నాడు సంపత్. నాకు ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తలేదు. అప్పుడు సునీతకు చేశాడు.

"అన్నా, ఇంక ఇంటికి రాలే. మిర్చి పనిల మునిగిండేమో" అన్నదట. "చెల్లె, జర పోయి చూడు. ఎందుకో చెప్పస్తలేదు గని, పోయి చూడు" అన్నాడట. వాడి గొంతు విని సునీత లేచింది. ఆటోలో స్టోరేజీకి వచ్చింది. వాచ్‌మన్ అందరూ పోయారన్నాడు. ఆఫీసు కిటికీలోంచి చూస్తే నా ఫోను బల్ల మీద ఉంది. ఫోను లేకుండా నేను గుమ్మం దాటనని ఆమెకు తెలుసు. తాళాలు ఐలయ్య దగ్గర. అతని బస్తీకి పరుగెత్తింది. ఆమె వెళ్ళేసరికి వ్యాను స్టార్టయి ఉంది, ఐలయ్య బెల్లం మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె వ్యానుకు అడ్డంగా నిలబడిందట.

అదీ నేను బతికిన తీరు.

నేను ఊరికే నమ్మే మనిషిని కాదని ముందే చెప్పాను. అందుకే లేచి తిరగగలిగాక ఒక్కొక్కటీ చూసుకున్నాను. ఆ రోజు ఐలయ్య పోతూ ఆఫీసుకు కూడా తాళం వేశాడు. లోపల కెమెరా ఉంది, మా స్టోరేజీ యజమాని పక్కన కూర్చుని ఆ మధ్యాహ్నం రికార్డంతా చూశాను. నా ఫోను బల్ల మీద ఉంది. గదిలోకి ఎవరూ రాలేదు. ఫోను తెర వెలిగి ఉంది, అంతే. ముట్టకపోతే ఆ గేము కొద్దిసేపటికి దానంతటదే ఆగిపోతుంది, తెర ఆరిపోతుంది. అది ఆరలేదు. కంపెనీకి రాశాను. మీ ఫోనునుంచే ఆడారు, మరెవ్వరూ లోపలికి రాలేదు అని జవాబిచ్చారు. సంపత్ మీద కూడా నాకు అనుమానం వచ్చింది, దాచను. కానీ నా పాస్‌వర్డు వాడికి తెలియదు. తెలిసినా, నేను లోపల ఇరుక్కున్నానని వాడికెలా తెలుస్తుంది?

ఐలయ్య ఒకటి అడిగాడు. "సారూ, గిన్ని బస్తాలు ఒక్కనివే ఎట్ల దించినవ్?" నేను పడి ఉన్న మూల చుట్టూ ఛాతీ ఎత్తున బస్తాల గోడ ఉందట. హమాలీలు పేర్చినట్టు, అడ్డం నిలువు మార్చి, వదులు లేకుండా. గాలి నా మీదికి రాకుండా అదే కాపాడిందని డాక్టరు కూడా అన్నాడు. నేను లాగినవి కొన్నే, అవీ అడ్డదిడ్డంగా పడేశాను. మతిపోయి నేనే పేర్చానేమో. చావు ముందు మనిషికి ఎక్కడలేని బలం వస్తుందంటారు. ఆ మాటతో సరిపెట్టుకునేవాణ్ణి, ఆ తర్వాతది జరగకపోతే.

పది రోజులకు గాని గేము తెరవడానికి నాకు ధైర్యం చాల్లేదు. తెరిచాను. తెర నల్లగా ఉంది. ఫోను పాడైందనుకున్నాను. కానీ పైన మిర్చి సేటు పేరుంది, ప్రాణం ఉందని చూపే గుర్తు ఉంది, ఊరి పేరు ఉంది. నడవమని నొక్కితే అడుగుల చప్పుడు వచ్చింది. రెండడుగులు, ఆగింది. వెనక్కి తిప్పితే రెండడుగులు, ఆగింది. అంతకు మించి ఏ వైపూ కదలడు.

సంపత్‌ను పిలిచి చూడమన్నాను. ఆ గేములో మనుషుల నెత్తి మీద పేర్లు కనబడతాయి, గోడ అవతల ఉన్నా సరే. వాడు గోదాముల వీధికి వెళ్ళాడు. తర్వాత ఫోన్లో మెల్లగా అన్నాడు. "నీ గోదాము తలుపు ఎనుక కనబడ్తాందిరా నీ పేరు. లోపట ఉన్నడు."

లోపల అంటూ ఏదీ లేని గోదాములో వాడు ఉన్నాడు. ఆ తలుపు బయట నిలబడ్డవాడే తీయాలి. అదీ దాని సొంతదారే తీయాలి. ఆ సొంతదారు లోపలున్నాడు.

కంపెనీకి మళ్ళీ రాశాను. ఫొటోలు పంపాను. మా లెక్క ప్రకారం మీ మనిషి సంతలోనే ఉన్నాడు, లోపమేమీ లేదు అన్నారు. ఫోను మార్చి చూశాను, గేము తీసేసి మళ్ళీ వేసుకున్నాను. అదే చీకటి, అవే రెండడుగులు. ఐడీ తీసేయరాదా అని సంపత్ ఒకసారి అన్నాడు. బటను మీద వేలు పెట్టాను కూడా. నొక్కలేకపోయాను. ఏం తీసేస్తున్నానో తెలియకుండా ఎలా నొక్కను?

ఆ గొంగడి సంపతే కొన్నాడు. గేములో పార్సిల్ పంపే సౌకర్యం ఉంది. మడిచి మిర్చి సేటు పేరున పంపాడు. మాకు ఆశ లేదు. మర్నాడు వాడి తెర మీద ఒక ముక్క వచ్చింది, అందింది అని. నేను నా గేము తెరిచి నా సరుకు చూసుకున్నాను. గోదాములో ఏమీ లేదు. ఒంటి మీద ఉన్నవాటి వరుసలో గొంగడి ఉంది.

ఉల్లిగడ్డ కూడా రాదని వెక్కిరించిన సునీత ఇప్పుడు పొద్దున టీ ఇస్తూ "ఎట్లున్నడు?" అని అడుగుతుంది. ఉన్నాడని చెబుతాను. పాస్టరుగారితో చెప్పాం. ఆయన నవ్వలేదు, నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చివర్లో, ఎవరి కోసం చేయాలో నాకు తెలియలేదు నాయనా అన్నారు.

ఇదంతా ఎందుకు జరిగిందో నేను చెప్పలేను. చదువుకున్నవాళ్ళను అడిగాను, ఫోన్లు తెలిసినవాళ్ళను అడిగాను. తలా ఒకటి చెప్పారు. ఒక్కటీ అన్నిటికీ సరిపోలేదు. ఆ మధ్యాహ్నం చలి గదిలో బస్తాలు మోసినవాడెవడో నాకు తెలియదు. నేను బయటికి వచ్చాను, వాడు రాలేదు. నాకు తెలిసింది ఇంతే.

ఈ మధ్య కంపెనీవాళ్ళు ఒక నోటీసు పెట్టారు. ఆడేవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి వచ్చే నెలాఖరుకు ఈ గేము మొత్తం మూసేస్తారట. సంత అప్పుడే సగం ఖాళీ అయింది. జనం సరుకంతా తెగనమ్మి వెళ్ళిపోతున్నారు. నేను రోజూ తెరిచి, ఆ రెండడుగులు ముందుకూ వెనక్కూ నడిపించి, ఇంకా ఉన్నాడని చూసుకుని మూస్తున్నాను. నా కోసం సంపత్ ఫోన్ చేశాడు, సునీత పరుగెత్తింది, ఐలయ్య వచ్చి తలుపు తీశాడు. వాడి కోసం ఎవరికి ఫోన్ చేయాలో నాకు తెలియడం లేదు.